ముప్పై ఎనిమిది మొలకలు

“నా తువ్వాలు నాకిత్తావా ఇవ్వవా, భానూ?”

“మధ్యాహ్నం దాకా ఇవ్వను నాన్నా.”

“వారం రోజులై ఇదే వరస. నేనేమో మీ అమ్మ పాతచీర ముక్కతో తల తుడుసుకోవాల. హెడ్మాస్టర్ని ఈ అవతారంలో సూస్తే ఊర్లో పిల్లలు నవ్వరేటి?”

“ఇద్దరు టీచర్లున్న బడికి హెడ్మాస్టరువి. ఆళ్లు ఎలాగూ నవ్వుతారు.”

“సూసేవా కనకా? హాస్టల్లో ఏసి సదివిత్తన్నందుకు ఇదీ మనకి దక్కింది.”

గ్యాసు పొయ్యి ముందు నిలబడి టీ నీళ్లలో అల్లం చిదుముతున్న కనక తల తిప్పకుండానే అంది. “ఆ తువ్వాలు మీకు సన్మానంలో వచ్చిందని ఊరందరికీ తెలుసు. ఇంకో పూట ఆగితే దాని జరీ ఏటీ రాలిపోదు.”

ఫల్గుణ గొణుక్కుంటూ వసారాలోకి వెళ్లాడు. వసారాలో ఓ మూల, పీట మీద, తడి ఆరకుండా మడిచిన ఆ తువ్వాలు పసిబిడ్డలా పడుకుని ఉంది. దాని మడతల్లో వడ్లగింజలున్నాయి. ఆ గింజల వల్లే నిన్నటి నుంచి ఆ ఇంట్లో పెద్దాయన అన్నం ముట్టలేదు.

పది రోజుల కిందట భాను చదివే ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ముగ్గురు పిల్లలకు అమ్మవారు పోసింది. పెద్ద మేడమ్ డాక్టర్ని పిలిపించింది, గుమ్మాలకు వేపమండలు కట్టించింది, తొమ్మిదో తరగతి పిల్లలందర్నీ ఇళ్లకు పంపేసింది. జీపెక్కబోతున్న భానును సైన్సు చెప్పే బిందుమాధవి మేడమ్ ఆపి, జిల్లా సైన్సు ప్రదర్శనకు విత్తన పరీక్ష ఇంటి దగ్గరే చేసుకురమ్మంది. మొదట వచ్చినవాళ్లకు వేసవిలో విశాఖలో నెల్లాళ్లు శిక్షణ. ఇంట్లో ఏ విత్తనం దొరికితే దానితో చేయమంది మేడమ్. భానుకు దొరికింది అమ్మవారి బుట్ట.

అది ఊరి దేవత జాకరమ్మ బుట్ట. భాను తాత గాసి ఆ ఊరికి దిశారి. మంచిరోజులు చూసేదీ, పండగ తేదీలు పెట్టేదీ ఆయనే. చైత్రంలో విత్తనాల పండగనాడు ఆ బుట్టలోంచి ఇంటికో గుప్పెడు వడ్లు పంచుతాడు. అందాకా దాని మూత తీయకూడదు. అడ్డాకులతో మూసి, పేడతో మెత్తి, నారతో కట్టి, వంటపాకలో పొయ్యి పైన అటక మీద ఉంచే బుట్ట అది. ఆ ముడి వేసేది గాసే, అదీ ఎడమచేత్తో. రోజూ కిందనుంచే దండం పెట్టుకునే ఆయన, నిన్న పండగ ముందు దుమ్ము దులపడానికి నిచ్చెనెక్కి, ముడి కుడివైపుకు తిరిగి ఉండటం చూశాడు. మనవరాలు తప్పు ఒప్పుకుంది. ఆయన అరవలేదు, చెయ్యెత్తలేదు. “రేపు లెక్కెట్టినప్పుడు నానుంటాను” అని మాత్రం అని, కంచం పక్కకు జరిపేశాడు.

పండగ మంగళవారం. ఈవేళ ఆదివారం.

* * *

గాసి లోపలికి వచ్చేసరికి టీ కాగుతోంది. కంటి ఆపరేషన్ అయి మూడు నెలలు దాటినా ఆస్పత్రివాళ్లు ఇచ్చిన నల్లకళ్లద్దాలు ఆయన ఇంకా వదల్లేదు. వసారా నేల మీద గొంతుక్కూర్చుని, పీట వైపు చెయ్యి చూపించాడు.

“ఇప్పు.”

భాను తువ్వాలు మడతలు ఒక్కొక్కటీ విప్పింది. తడి వడ్ల వాసన వసారా అంతా పరుచుకుంది. కనక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“రెండు బాగాలున్నాయేటే?” అన్నాడు గాసి వంగి చూస్తూ.

“ఇటుపక్క నూరు మన బుట్టలోవి తాతా. అటుపక్క నూరు సుక్రు పెదనాన్న ఇంట్లో విత్తనం బుట్టలోవి. పెదనాన్నని అడిగే తెచ్చేను.”

సుక్రు, గాసి అన్నకొడుకు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు.

“ఆడిదెందుకు?”

“ఒక్కటే సూస్తే మంచిదో సెడ్డదో తెలీదు. పక్కన ఇంకోటి పెట్టి సూడాలన్నాది మేడమ్. రెండూ ఒకే పొలంలోవి, ఒకే రోజు కోసినవి.”

గాసి ఓ గింజను గోటితో కదిపి చూశాడు. తర్వాత, ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నది ఇప్పుడు గుర్తొచ్చినట్టు అడిగాడు. “మీ మేడమ్ దేవుణ్ణి నమ్ముద్దా?”

“నమ్ముద్ది. ల్యాబులో బీరువా మీద వినాయకుడి బొమ్మ పెట్టుకుంది. యాసిడ్ సీసా తీసే ముందు దండం పెట్టుకుంటాది.”

“మరి నువ్వు?”

“నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను తాతా.”

ఫల్గుణకు నవ్వాగలేదు. గాసి మూతి కూడా ఒకవైపుకు వంకర పోయింది. కనక ఆ చిన్న నవ్వు చూసి ఊపిరి వదిలింది. ఈపూట అన్నం తింటాడేమో అనుకుంది.

భాను లెక్క మొదలుపెట్టింది. ముందు సుక్రు ఇంటి గింజలు. మొలిచినదాన్ని అగ్గిపుల్లతో పక్కకు జరుపుతోంది. తెల్లటి వేళ్లు ఒకదానికొకటి చిక్కుకుని ఉంటే ఊదుతూ విడదీస్తోంది. గాసి పెదవులు కూడా ఆమెతో పాటు కదులుతున్నాయి. తొంభై ఒకటి.

తర్వాత తమ బుట్టలోవి. పది దాకా గబగబా వెళ్లింది. ఇరవై దాటాక అగ్గిపుల్ల ఆగి ఆగి కదిలింది. ముప్పై ఎనిమిది దగ్గర పూర్తిగా ఆగిపోయింది. మిగిలిన గింజలు ఉబ్బి, మసకబారి, కొన్ని బూజు పట్టి, అలాగే పడి ఉన్నాయి. భాను వాటిని మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిదే.

 దాపున కాఫీ తోటల్లోంచి ఎవరిదో గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది.

ఫల్గుణే ముందు తేరుకున్నాడు. “ఏటి కాయితంలో రాయాల్సింది? ఇలా తే.”

భాను పుస్తకం ఇచ్చింది. నాలుగు గళ్లు గీసి ఉన్నాయి. విత్తనం ఎక్కడిది, ఎన్ని గింజలు, ఎన్ని మొలిచాయి, కారణం.

“దీనికింత కంగారెందుకు? మూడు ముందు రాసి ఎనిమిది తర్వాత రాత్తన్నావు. ఎనిమిది ముందు రాయి, మూడు తర్వాత రాయి. ఎనభై మూడు. బాగానే ఉంటాది. అమ్మోరి బుట్టకి మాట రాదు, నీకు ప్రైజూ వస్తాది. అక్కడికొచ్చినోళ్లు ఈ గింజలు లెక్కెడతారేటి?”

“నువ్వు మేష్టారువి నాన్నా!”

“మేష్టార్ని కాబట్టే సెప్తన్నాను. ఈ కొండ మీంచి నేనొక్కణ్ణి ఉద్యోగానికి దిగేను. ఎలా దిగేననుకున్నావు? మార్కులతో. మార్కు కావాల మనకి. అది ఒక్కసారి సేతికొచ్చాక నీకు నచ్చిన సైన్సు నువ్వు సేసుకో.”

అతని మాటలో అబద్ధం ఎంతుందో, భయం అంతకంటే ఎక్కువ ఉందని కనకకు తెలుసు. మన్యం నుంచి వచ్చిన పిల్లాడని కిందనున్న ఊళ్లో హాస్టల్లో అన్నం ఆఖర్న పెట్టిన రోజుల గురించి అతను పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు, మళ్లీ చెప్పలేదు.

“నేను ఎనభై మూడని రాత్తే అవి మొలుస్తాయేటి?” అంది భాను. “మంగళవారం తాత ఈ గింజలే ముప్పై రెండిళ్లకి పంచుతాడు.”

“ఇంటికి గుప్పెడే గదే. గుప్పెడు మొలవకపోతే పంటకేటైపోద్ది?”

“గుప్పెడే,” అన్నాడు గాసి. ఆయన గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. “ఆ గుప్పెడే పొలంలో ముందు సల్లుతారు. అది పైకి లేసిందాకా మిగతా ఇత్తనం ఎవుడూ సల్లడు. ఇది లెగకపోతే ఆగిపోతారు. అమ్మోరు ఒద్దంటంది అంటారు. తొలకరి దాటిపోద్ది.”

భాను కళ్లు పెద్దవయ్యాయి. “తాతా! అయితే అది కూడా పరీక్షే కదా! ముందు కొంచెం సల్లి సూడ్డం.”

గాసి నల్లకళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో నెమ్మదిగా తుడిచాడు. కళ్లద్దాల్లేని ఆయన ముఖాన్ని కనక చాలా రోజుల తర్వాత చూసింది. బాగు చేయించిన కన్ను తేటగా ఉంది. అది తడిసి ఉంది.

“మన భాను గుంట తప్పేం లేదు,” అన్నాడాయన. “ముడి ఇప్పిందని నిన్న కోపమొచ్చింది. ఇప్పకపోతే నాకెలా తెలిసేది? తప్పు నాది. పుష్యమాసంలో కన్ను కోయించుకోడానికి కిందకి పోనాను. పెద్దకూతురింట్లో రెండు నెల్లు పడుకున్నాను. అమ్మోరి కింద నిప్పు నా సేత్తో ఎయ్యలేదు. మా అయ్య ఒంటికి జరమొచ్చినా పాక్కుంటా పోయి ఏసేవోడు. కన్ను కావాలనుకున్నాను నాను. అమ్మోరు ఈ ఇల్లొదిలేసింది.”

“నాన్నా, ఊరుకో.”

“నీకు తెల్దు ఫల్గుణా. ఒకే పొలం, ఒకే కోత. సుక్రుగాడి బుట్టలో ఉంది, నా బుట్టలో లేదు. ఇంకేటి కారణం? ఈ పండగ అవగానే బుట్ట ఆడింటికి పంపేత్తాను. దిశారితనం కూడా ఆడికే.”

నాలుగు తరాలుగా ఆ ఇంట్లో ఉన్న బుట్ట. నాలుగు తరాలుగా ఆ ఇంటి మగవాడు చూసి చెప్పిన రోజునే ఆ ఊళ్లో నాగలి కదిలింది. ఆయన ఆ మాట అన్న తీరు, గొడుగు ఇరుగింట్లో ఇచ్చి రమ్మన్నట్టుంది.

భాను పుస్తకంలో నాలుగో గడి వైపు చూసింది. “కారణం అని అది రాయలేను తాతా. అది నీకు అనిపించింది. మేడమ్ ఒప్పుకోదు. నాకు తెలీదు కాబట్టి ‘తెలియదు’ అని రాత్తాను.”

కనక వెనక్కి తిరిగింది. టీ పొంగి పొయ్యి మీదికి కారుతోంది. మంట తగ్గించింది. నీలం మంట, పొగలేని మంట. దానివైపే చూస్తూ ఉండిపోయింది.

* * *

కారణం కనకకు తెలుసు. ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

కనక పుట్టిల్లు చింతపల్లి అవతల. ఆమె చిన్నప్పుడే వాళ్ల నాన్న ప్రార్థనల్లో చేరాడు. విత్తనం వేసే ముందు ఆదివారం నాడు బస్తాలు చర్చి మెట్ల మీద పెడితే పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. అంతే. బుట్టలేదు, ముడిలేదు. గాసి ఇంటికి కోడలై వచ్చాక మామగారి దేవతకు ఆమె దండం పెట్టింది, తన ప్రార్థన తాను మనసులో చేసుకుంది. రెండింటికీ ఎప్పుడూ తగువు రాలేదు. బుట్టకు పొగ ఎందుకో ఆమె అడగలేదు. ఎవరి దేవుడి పద్ధతి వాళ్లది అనుకుంది.

ఆపరేషన్‌కు వెళ్తూ గాసి జీపులోంచి తల బయటికి పెట్టి చెప్పాడు. “కోడలా, వంటపాక పొయ్యి ఆరనీకు. అమ్మోరి కింద నిప్పుండాల.” సరే మావా అంది. వారం రోజులు చేసింది. అప్పటికే శ్లాబు ఇంట్లోకి గ్యాసు పొయ్యి వచ్చింది. మంచు కురిసే పొద్దుల్లో తడి కట్టెలు ఊదీ ఊదీ కళ్లు మండుతుంటే, ఏ దేవుడికైనా పొగ ఎందుకు అనిపించింది. పాకంతా మసి. సంక్రాంతి సెలవులకు భాను వస్తే చదువుకోవడానికి చోటుండాలని పాక కడిగి సున్నం వేయించింది. అటక మీదున్న బుట్టను, మూత కదపకుండా, ఎంతో జాగ్రత్తగా, కళ్లకద్దుకుని, శ్లాబు గదిలో సిమెంటు బల్ల మీద పెట్టింది. శుభ్రమైన చోటు. దేవతకు మంచి చోటే ఇచ్చానని ఆమెకు సంతోషం కూడా కలిగింది.

ఆ చలికి శ్లాబు గోడలు తెల్లవార్లూ చెమర్చేవి. బుట్ట వెనక గోడ మీద తడిమచ్చ ఒకటి పెరిగింది. మామగారు తిరిగొస్తున్నారని ఫోన్ వచ్చిన రోజున బుట్టను మళ్లీ అటక మీద పెట్టేసి, కింద పొయ్యి రాజేసింది. బుట్ట అడుగు చేతికి చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఇప్పుడు గుర్తొచ్చింది.

నోరు మూసుకుంటే ఏమవుతుంది? భాను ‘తెలియదు’ అని రాస్తుంది. భాను వరకు అది అబద్ధం కూడా కాదు. ముసలాయన బుట్టను పక్కింటికి పంపేసి, కన్ను బాగైనందుకు బతికినన్నాళ్లూ ఏడుస్తాడు.

కనక స్టవ్ ఆర్పేసింది. గ్లాసుల్లో టీ పోయలేదు. వసారాలోకి వచ్చి, గాసికి ఎదురుగా నేల మీద కూర్చుంది. మామగారి ఎదుట ఆమె అలా కూర్చోవడం అదే మొదటిసారి.

“మావా, అమ్మోరు ఎక్కడికీ పోలేదు. బుట్టని నేను మార్చేను.”

“ఏటి మార్చేవు?”

చెప్పింది. గ్యాసు పొయ్యి, సున్నం, సిమెంటు బల్ల, తడిమచ్చ, అన్నీ. ఒక్కటీ దాచలేదు. ఫల్గుణ మధ్యలో “కనకా!” అని ఒకసారి అన్నాడు, ఆమె ఆగలేదు.

“నెలా పదిహేను రోజులు దానికి నిప్పు సెగ లేదు. మీరొచ్చేలోగా పైన పెట్టేసేను. మీరు తిడతారని సెప్పలేదు. ఇలాగవుద్దని నాకు తెలీదు. పొగ ఎందుకో మీరు ఒక్కమాట సెప్పుంటే ఆర్పేదాన్ని కాదు.”

గాసి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

“ఎందుకో మా అయ్య నాకు సెప్పలేదే, కోడలా,” అన్నాడు. “అమ్మోరికి సలేస్తాదని అనేవోడు.”

ఆయన లేచాడు. వంటపాకలోకి వెళ్లి, నిచ్చెన వేసుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా బుట్టను దించి వసారాలోకి తెచ్చాడు. పేడ మెత్తిన అడ్డాకు మూత తానే తీశాడు. పండగకు రెండు రోజుల ముందు ఆ ఇంట్లో ఏ మగవాడూ చేయని పని అది. చెయ్యి లోపలికంటా పెట్టి పిడికెడు వడ్లు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ముక్కవాసన,” అన్నాడు. పిడికిలి భాను ముక్కు దగ్గరకు చాపాడు. “అచ్చం తడిసిన ఇత్తనం వాసన. నాను వచ్చి నెల దాటిపోయింది. రోజూ దీని ముందు దండం పెడతన్నాను. మూత తియ్యకూడదని తియ్యలేదు. తీసుంటే ఆరోజే తెలిసును.”

“పొగ పెట్టమన్నదీ అమ్మోరే, మూత తియ్యొద్దన్నదీ అమ్మోరే,” అన్నాడు ఫల్గుణ, ఎవరిని ఎత్తిపొడుస్తున్నాడో తనకే తెలియనట్టు. “ఏది ఉంచుకోవాల, ఏది తీసెయ్యాల?”

“అది నువ్వు సెప్పాల, మేష్టారువి,” అన్నాడు గాసి.   భాను మొలవని గింజనొకదాన్ని గోరుతో చీల్చి చూస్తోంది.

గాసి పిడికిలిలోని వడ్లను బుట్టలో వేయలేదు, పారేయనూ లేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

“మంగళవారం పండగ లేదు,” అన్నాడు చివరికి. “ఎనిమిది రోజులు ఆగుదాం. అన్నిళ్లలోంచీ నూరేసి గింజలు తెప్పిత్తాను. గుంట సూత్తాది. ఏ ఇంటి ఇత్తనం బాగా లెగుత్తే అది ఈ ఏడు అమ్మోరి ఇత్తనం.”

“సెప్పిన తేదీ మార్చిన దిశారి ఇంతవరకు లేడు నాన్నా. ఎందుకు మార్చేవంటే ఏటి సెప్తావు?”

“నచ్చత్రం లెక్క తప్పేనంటాను. కన్ను కోయించుకున్నోణ్ణి గదా, నమ్ముతారు.”

“అదే మంచిది,” అన్నాడు ఫల్గుణ వెంటనే. గొంతు తగ్గించాడు, గోడ అవతల సుక్రు ఇల్లు. “కోడలు పాడు సేసిందని తెలిస్తే జాకరమ్మ రాయి కాణ్ణుంచి మనింటికి పండగ నిప్పు ఇవ్వరు. నిప్పు రాని ఇంటికి ఏడాది పొడుగునా మనిషి రాడు. పెళ్లికి రారు, సావుకి రారు. కనకా, నువ్విక ఈ మాట ఎత్తకు. భానూ, నువ్వూనూ.”

భాను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. తల్లి వైపు చూసింది. “అమ్మా, నాలుగో గడిలో ఏటి రాయమంటావు?”

కనక ఆ పుస్తకం వైపు చూసింది. తొంభై ఒకటి పక్కన ముప్పై ఎనిమిది. గుండ్రటి, శుభ్రమైన అక్షరాలు. ఎనభై మూడని రాయని పిల్ల. కన్ను బాగైన మామగారు తన కోసం ఊరందరి ముందు గుడ్డివాడినని ఒప్పుకోబోతున్నాడు.

“జరిగింది రాయి,” అంది. “బుట్ట తడిగోడ పక్కన పెట్టేరు, నిప్పు సెగ తగల్లేదు అని రాయి. ఎవరు పెట్టేరని అడిగితే మా అమ్మ అని సెప్పు.”

“కనకా, జిల్లాలో సెప్తే ఊరికి తెలీదా?”

“ఊరికి అందాకా ఎందుకు?”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ మళ్లీ వెచ్చబెట్టి నాలుగు గ్లాసుల్లో పోసి తెచ్చింది. ముందు గాసి చేతికి ఇచ్చింది. ఆయన వడ్ల పిడికిలి విప్పకుండానే రెండో చేత్తో అందుకున్నాడు. ఫల్గుణకు ఇచ్చింది, భాను పక్కన ఒకటి పెట్టింది. తన గ్లాసు పట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. ఆమె గొంతు, కూరకు ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా వినిపించింది.

“పండగ పనులు పంచుకోడానికి రేపు పొద్దున్న జాకరమ్మ రాయి దగ్గర ఊరంతా కూడుతాది గదా మావా. అక్కడ ఆడది నోరు తెరవదని నాకు తెలుసు. రేపు తెరుస్తాను. మీరు నచ్చత్రం మాట ఎత్తకండి.”